కప్పు లేని చోట

ఇక లేవాలి, లేచి ఆ గోడ చుట్టూ తిరిగి అటు పక్కకి వెళ్తే చాలు, "సిక్స్టెన్, ఆగవయ్యా, మా ఆయన్ని అక్కడ పెట్టకు" అని ఒక్క మాట, అంతే కదా, అంతకంటే ఏముంది, అని డాగ్ని పొద్దుట్నుంచీ అనుకుంటూనే ఉంది. అనుకుంటూనే ఓలోఫ్ చర్చి శిథిలంలో, పైకప్పు పోయి ఎన్ని వందల ఏళ్ళయిందో ఎవరికీ పట్టని ఆ నాలుగు గోడల మధ్య, ఐసులాంటి రాతి దిమ్మె మీద బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. గోడ అవతల శ్మశానం, శ్మశానంలో ఆ మూల బర్చ్ చెట్ల కింద స్మృతివనం. వనమంటే ఏముంది, పచ్చగడ్డి. అందులో ఊళ్ళో పోయినవాళ్ళ బూడిద మట్టిలో కలిపేస్తారు. రాయి ఉండదు, పేరు ఉండదు, ఎక్కడ కలిపారో కట్టుకున్నవాళ్ళకి కూడా చెప్పరు. శ్మశానం మనుషులు, ఆ సిక్స్టెన్ వాళ్ళు, చుట్టూ ఎవరూ లేనప్పుడు చూసి, పార తీసుకుని, ఆ పని కానిచ్చేస్తారు. ఇవాళ ఎవర్ట్ వంతు. నలభై ఏళ్ళకి పైగా ఆమె పక్కన పడుకున్న ఎవర్ట్‌ని ఇంకాసేపట్లో ఆ గడ్డి కింద ఎక్కడో కలిపేస్తారు, ఒకసారి కలిపాక దేవుడు దిగివచ్చినా విడదీయలేడు. ఇదంతా తెలిసి కూడా కూర్చుంది. కాళ్ళున్నాయి, మోకాలు నొప్పే గానీ నడవలేనంత కాదు, నోరుంది, నోట్లో నాలుక కూడా ఉంది. పైన బూడిదరంగు మెడల చిన్న కాకులు గోడ కన్నాల్లోంచి దూరుతూ వస్తూ ఒకటే గోల చేస్తున్నాయి. వాటికి మొహమాటం లేదు, అందుకే ఈ చర్చి వాటిదైపోయింది.

మొహమాటం. ఈ సిగ్టూనా ఊళ్ళో చలికి చచ్చినవాళ్ళకంటే మొహమాటానికి చచ్చినవాళ్ళే ఎక్కువ అని ఎవర్టే అనేవాడు, అని తనూ దానికే పోయాడు. గుండె పట్టేసినట్టుంటే డాక్టర్ని అర్ధరాత్రి లేపడం ఎందుకులే, తెల్లారాక చూద్దాం అన్నాడు. తెల్లారింది. ఆయనకి కాదు. దానికేం గానీ, దానికి ఆమె ఏడ్చింది, కడుపునిండా ఏడ్చింది, ఆ ఏడుపు వేరు. ఆ ఏడుపులో ఆయన మీద కోపం ఉంది, కోపం ఉన్న ఏడుపుకి ఒక ఊతం ఉంటుంది. ఇప్పుడున్నదానికి ఊతం లేదు. పోయినేడు ఎండాకాలం చివర, వంటింటి బల్ల మీద పాత పేపరు పరుచుకుని, సరస్సులో పట్టుకొచ్చిన చేపల పొలుసులు గీరుతూ ఎవర్ట్ తలెత్తకుండానే అన్నాడు, "నాకైతే స్మృతివనమే బావుంటుంది డాగ్ని. నీకు రోజూ వచ్చి కలుపు పీకే పనుండదు, నీళ్ళు పోసే పనుండదు." ఆమె ఉల్లిపాయ తరుగుతోంది. చెయ్యి ఆగిందా? ఒక్క క్షణం ఆగింది. శ్మశానంలో ఎవర్ట్ వాళ్ళ నాన్న సమాధి ఉంది, దాని పక్కన ఇద్దరికి చోటు ఎప్పుడో ఉంచారు, ఆ చోటు చూసినప్పుడల్లా ఆమె లోలోపల ఇది నాది, ఇది ఆయనది అని పంచుకుంటూ వచ్చింది, కుడి వైపు ఆయన, మంచం మీద లాగే. మరి ఈయన ఇదేమిటి ఇలా అంటున్నాడు. ఊళ్ళో అందరితో కలిసిపోతాడట గానీ నా పక్కన పడుకోడట. ఇన్నేళ్ళు పడుకున్నది చాలనుకున్నాడు కాబోలు. దానికి నేనేమనాలి, నా పక్కనే ఉండవయ్యా అని బతిమాలాలా? "నీ ఇష్టం" అంది. ఎవర్ట్ చేప తిప్పి రెండో వైపు గీరాడు. ఆ రాత్రి చేప బావుంది, సోంపులాంటి వాసన వేసే ఆ ఆకు కాస్త ఎక్కువైందేమో, అయినా బావుందన్నాడు. ఏది పెట్టినా బావుందనే అనేవాడు మహానుభావుడు, నలభై ఏళ్ళలో ఒక్కసారైనా ఉప్పెక్కువైందే అని ఉంటే, ఏ రోజుకి ఆ రోజు నోరు తెరవడం అలవాటై ఉంటే.

మంగళవారం నాడు టూరె వచ్చాడు, ఎవర్ట్‌తో పడవలో చేపలకి వెళ్ళే టూరె, ఎవర్ట్ గాలాల పెట్టె తిరిగిద్దామని. కాఫీ పోసింది. రెండు కప్పులు తాగాడు, బల్ల మీద బిస్కెట్ ముక్కలు చేత్తో దులిపాడు, మళ్ళీ దులిపాడు. చెప్పాలా వద్దా అని సతమతమయ్యే మనిషికి బల్ల మీద ముక్కలు ఎప్పటికీ అయిపోవు. చివరికి, "నీకు చెప్పకూడదేమో గానీ డాగ్ని, వాడు పడవలో ఓసారి అన్నాడు. స్మృతివనం అంటే మా ఆవిడ విరుచుకుపడుతుందనుకున్నాను రా టూరె, ఏం మాటలవి, నా పక్కన కాక ఇంకెక్కడ పడుకుంటావు అంటుందనుకున్నాను. దాని మోకాలు బాలేదు కదా, ఊరికే అని చూశాను. నీ ఇష్టం అంది. నా పక్కన ఉండాలని దానికే లేనప్పుడు నేను ఇంకేం అడుగుతాను అన్నాడు" అన్నాడు. ఆమె అతని ఖాళీ కప్పు తీసి, మళ్ళీ అక్కడే పెట్టింది. "ఆ రోజు చేపలు కూడా పళ్ళేదులే, ఊరికే కూర్చుని వచ్చాం" అన్నాడు టూరె, అదేదో ఓదార్పు అయినట్టు. "ఇంకో బిస్కెట్ తీసుకో టూరె" అంది. తీసుకున్నాడు. తినలేక కోటు జేబులో వేసుకున్నాడు, అది ఆమె చూసింది, చూడనట్టు ఊరుకుంది. అతను వెళ్ళాక గాలాల పెట్టె తెరిచి, మూసి, తెరిచి, నేల మీద కూలబడింది. నా పక్కన ఉండాలని దానికే లేనప్పుడు. అంటే ఆ మాట గుండెలో పెట్టుకునే ఏడాదిపాటు తన పక్కన పడుకున్నాడు, పొద్దున్నే కాఫీ పెట్టాడు, మోకాలికి మందు రాశాడు. ఆ మాట గుండెలో పెట్టుకునే పోయాడు. అదే గుండె. ఓరి దేవుడా.

ఫోన్ చేసింది, చెయ్యకేం. బుధవారం పొద్దున్నే శ్మశానం ఆఫీసుకి చేసింది. ఒకావిడ ఎత్తి, ఎవరితోనో ఏదో చెబుతూ, కాగితాలు తిరగేస్తున్న చప్పుడు, "హలో?" అంది రొప్పుతూ. పాపం, పనిలో ఉన్నట్టుంది, అనుకుంది డాగ్ని. అనుకుని పెట్టేసింది! తన చేతులతో సంతకం చేసి ఇచ్చి, ఇప్పుడు కాదు కూడదంటే వాళ్ళేమనుకుంటారు, ముసలిదానికి మతి చలించిందనుకోరూ, మధ్యాహ్నం వాళ్ళు కాస్త తీరిగ్గా ఉన్నప్పుడు చేద్దాం. మధ్యాహ్నం చేస్తే ఆఫీసు మూసేసి ఉంది. సాయంత్రం కొట్లో, బిల్లు దగ్గర, ముందు నిలబడ్డది సిక్స్టెన్, శ్మశానంలో పనిచేసే కుర్రాడు, కుర్రాడంటే వాడికీ ముప్పై దాటాయి, ఒకప్పుడు ఎవర్ట్ ఉత్తరాలు పంచే వీధిలో సైకిలు మీంచి పడి మోకాళ్ళు చీరుకునేవాడు. "నేల గట్టిపడకముందే అన్నీ అయిపోవాలి డాగ్ని గారూ, రేపు పొద్దున్నే స్మృతివనం పని పెట్టుకున్నాం" అన్నాడు, అన్నాక గానీ తను ఎవరితో అంటున్నాడో తట్టలేదు వాడికి, చెవుల దాకా ఎర్రబడ్డాడు. "మీకు చెప్పకూడదు, నేను చెప్పలేదనుకోండి." అప్పుడే అడగాల్సింది, వాడి చొక్కా పట్టుకుని అడగాల్సింది. వెనకాల ముగ్గురు నిలబడి ఉన్నారు, ఒకామె చేతిలో పాల డబ్బా, ఐస్‌క్రీం. ఐస్‌క్రీం కరిగిపోతుందని, వాళ్ళకి ఆలస్యమవుతుందని, "మంచిది బాబూ" అని తన ఆవాల ముద్ద సీసా సంచిలో వేసుకుని వచ్చేసింది. మర్నాడు గురువారం కదా, గురువారమంటే ఊళ్ళో ఇంటింటా బఠాణీల సూప్ కదా, ఆవాల ముద్ద లేకపోతే ఎవర్ట్‌కి ముద్ద దిగదు. ఇంటికొచ్చి బఠాణీలు ఇద్దరికి సరిపడా నానబోసి అప్పుడు ఏడ్చింది.

తెల్లవారకముందే లేచింది మరి. తల దువ్వుకుంది, మంచి కోటు వేసుకుంది, చెప్పాల్సిన మాట దారంతా నోట్లో నలుపుకుంటూ వచ్చింది. శిథిలంలోంచి అడ్డంగా వెళ్తే దగ్గరదారి, ఎవరైనా అలాగే వెళ్తారు. లోపల అడుగుపెట్టేసరికి ఎర్ర జాకెట్లు వేసుకున్న దంపతులు, ఏ దేశం వాళ్ళో, ఫొటోలు తీసుకుంటున్నారు. అడ్డంగా నడిస్తే వాళ్ళ ఫొటోలో పడుతుంది. ఆగింది. వాళ్ళు గోడకి తీశారు, కిటికీ కన్నానికి తీశారు, కాకులకి తీశారు, ఈమె ఓ పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. ఆ తర్వాత ఆ పెద్దమనిషి నవ్వుతూ వచ్చి ఫోను చేతిలో పెట్టాడు. "ఒక్కటి మా ఇద్దరికీ కలిపి తీస్తారా?" తీసింది. "ఇంకొక్కటి, ఆ రాతి తోరణం కూడా పడేట్టు?" వంగి, పాడు మోకాలి మీద బరువేసి, తోరణం కూడా పడేట్టు తీసింది. ఇద్దరి మధ్యా గాలాడేంత సందుంది. "కాస్త దగ్గరికి జరగండి" అంది డాగ్ని. వాళ్ళు జరిగారు, ఆవిడ తల ఆయన భుజానికి తగిలింది, కిసుక్కున నవ్వింది. బాగా వచ్చింది ఫొటో. వాళ్ళు రెండు మూడుసార్లు థాంక్స్ చెప్పి, ఇంత అందమైన ఊళ్ళో ఉండటం మీ అదృష్టం అని చెప్పి, వెళ్ళారు. అప్పటికి ఆ మోకాలు సలుపుతోంది. ఒక్క క్షణం కూర్చుని లేద్దామని ఈ దిమ్మె మీద కూర్చుంది. అదీ సంగతి. ఆ క్షణం ఇంకా అవలేదు.

ఎదురుగా గోడలో గూడు. ఒకప్పుడు ఏ సాధువు బొమ్మో నిలబెట్టిన గూడు, ఒక మనిషి పడతాడు, ఒదిగితే ఇద్దరు. ఆ గూట్లో ఓ ఎండాకాలం వానకి తను నిలబడింది, ఇరవై ఏళ్ళ పిల్ల, జడలో గడ్డిపూలు, పండగ నాట్యం సగంలో ఆగిపోయి జనమంతా ఇళ్ళకేసి పరుగెడుతుంటే తనొక్కతే తెలివిగా ఇటు పరుగెత్తింది. ఇక్కడికొచ్చి చూస్తే పైన ఆకాశం. ఒక పొడుగాటి కుర్రాడు ఉత్తరాల సంచీ నెత్తిన పెట్టుకుని ఇటే వచ్చాడు. "కప్పు లేని చోట వానకి తలదాచుకునేవాళ్ళని ఇవాళే చూస్తున్నాను" అన్నాడు. "మరి నువ్వేం చేస్తున్నావో?" అంది. "నేను నిన్ను చూసి వచ్చాను, దీనికి కప్పుందేమో అనుకున్నా" అన్నాడు. ఎంత నవ్వింది! "లోపలికి రా, తడుస్తున్నావు" అంది. "ఫర్వాలేదు, ఎలాగూ తడిశాను" అన్నాడు. రమ్మని ఇంకోసారి అనలేదు, అంటే ఏమనుకుంటాడో అని. వాన వెలిసేదాకా ఆయన గూటి బయట, ఆమె గూట్లో, మధ్యన జానెడు వాన. పెళ్ళయ్యాక ఒకే మంచం, రెండు దుప్పట్లు. ఊళ్ళో అందరి మంచాలూ అలాంటివే, ఎవరి దుప్పటి వాళ్ళది, ఎవరి వెచ్చదనం వాళ్ళది, అందులో తప్పేం లేదు. చలి మరీ ముదిరిన రోజుల్లో ఆయన పాదం ఒకటి తన దుప్పటి దాటి ఆమె దుప్పటి అంచు దాకా వచ్చి ఆగేది. ఆమె మేలుకునే ఉండేది. ఆ పాదం మీద తన పాదం వెయ్యడానికి ఎంతసేపు, కాస్త దగ్గరికి జరుగు అనడానికి ఎంతసేపు. నిద్రపోతున్నాడేమో, లేపినట్టవుతుందేమో అని ఊరుకునేది. ఇప్పుడు అర్థమవుతోంది, ఆయనా మేలుకునే ఉండేవాడు. దేశం కాని దేశం వాళ్ళకి ఇందాక ఎంత సులువుగా చెప్పేసింది.

ఉత్తరాలు పంచినన్నాళ్ళూ ఎవరి తలుపైనా ధైర్యంగా కొట్టేవాడు, ఆ మాటకొస్తే. చలికాలం పొద్దున్నే గుమ్మాల ముందు తెల్లగా నూగుమంచు పరుచుకుంటే దాని మీద అడుగులు చూసుకుంటూ నడిచేవాడు. ఇంటికొచ్చి చెప్పేవాడు, హోల్మ్ ముసలాయన ఇవాళ కట్టెలకి రెండుసార్లు వెళ్ళాడు, పంతులమ్మ ఇంటికి రాత్రి ఎవరో వచ్చి పొద్దున్నే వెళ్ళారు, అడుగు పెద్దది, అని కన్ను గీటేవాడు. ఒకసారి విధవరాలు ఎల్నా గుమ్మంలో అడుగులే లేవని తలుపు కొట్టి, పలక్కపోతే తోసుకుని లోపలికెళ్ళి, మెట్ల కింద పడి ఉన్న ఆవిణ్ణి మోసుకొచ్చాడు. ఊళ్ళో అంతకుముందెవ్వరూ ఒకరి తలుపు తోసిన పాపాన పోలేదు. యూనిఫాం ఉంటే చాలు, ఎక్కడలేని ధైర్యం వచ్చేది. పెళ్ళాం దగ్గరికి యూనిఫాం వేసుకుని రాలేదు కదా. "మంచు అబద్ధం చెప్పదు డాగ్ని, ఎండొచ్చేదాకా" అనేవాడు.

ఎండొచ్చేదాకా.

డాగ్ని తలెత్తింది. తూర్పు కిటికీ కన్నంలోంచి ఎండ లోపలికి దిగి, కూర్చున్న దిమ్మెకి రెండడుగుల దూరంలో ఉంది. వచ్చినప్పుడు ఈ గోడల మధ్య నేలంతా తెల్లగా ఉండింది, ఇప్పుడు సగం తెలుపు, సగం పచ్చగా తడి. అవతలా ఇంతే కదా, అవతల గడ్డి మీదా ఇదే మంచు, సిక్స్టెన్ వాళ్ళు నడిస్తే అడుగులు పడవూ, పార దించిన చోట మంచు చెదరదూ! ఆపలేకపోతే పోయె, ఎక్కడో తెలుస్తుంది, ఎవ్వరూ నోరు తెరిచి చెప్పకపోయినా తెలుస్తుంది, ఎవర్ట్ నేర్పిన చదువే అది. ఇంతసేపూ ఏం ఆలోచిస్తూ కూర్చుందీ దద్దమ్మ. లేచింది, మోకాలు కలుక్కుమంది, గోడ పట్టుకుంది, ఈ గోడలోంచి తలో రాయీ పీక్కెళ్ళి ఊరంతా ఇళ్ళు కట్టుకుంది, అడిగినవాళ్ళు లేరు, ఆపినవాళ్ళు లేరు, ఆ రోజుల్లోనూ ఎవరో ఒక డాగ్ని ఇలాగే కూర్చుని చూస్తూ ఉండి ఉంటుంది, వాళ్ళేమనుకుంటారో అని. నడువు, నడువు, చచ్చినదానా. తోరణం దాటింది. ఎల్లుండి పోయినవాళ్ళ పండగ, ఊరంతా సమాధుల మీద దీపాలు పెట్టడానికి వస్తుంది, టూరె వాళ్ళావిడకి పెడతాడు, అందరూ ఎవరి రాయి ముందు వాళ్ళు వంగుతారు, తను ఎక్కడ వంగాలి. గోడ మలుపు తిరిగింది. బర్చ్ చెట్ల పసుపు ఆకులు. రాళ్ళ బాట మీద చేతిబండి, బండిలో పార, పక్కన సిక్స్టెన్, ఇటే వస్తున్నాడు. బండిలో ఇంకేం లేదు.

"సిక్స్టెన్."

వాడు ఆగిపోయాడు. టోపీ తీశాడు. "డాగ్ని గారూ, మీరు రాకూడదు కదా ఇప్పుడు."

"అయిపోయిందా?"

వాడు తల ఊపాడు. "ఇప్పుడే. కాస్త ముందొస్తే..." అని మింగేశాడు.

"ఎక్కడ?"

"చెప్పకూడదండీ. ఒట్టు, చెప్పకూడదు. మనిషికో చోటు కాదు, అందరిదీ అని కదా." వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మంచి పిల్లాడు. "ఇవాళ నలుగురున్నారు. నేను... ఎవర్ట్ గారిని నేనే పెట్టాను. మెల్లగానే పెట్టాను. అది చెప్పొచ్చనుకుంటా."

"మంచిది బాబూ" అంది. అనగానే తన నోరు తనే నొక్కుకుంది.

బండి గరగరమంటూ వెళ్ళిపోయింది. వాడు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు, తిరిగితే ఎటు చూస్తాడో అని కాబోలు. డాగ్ని గడ్డి అంచుకి వచ్చి నిలబడింది. పాత చర్చి గోడ నీడ గడ్డి మీద సగం దాకా పడి ఉంది, ఆ నీడ ఉన్నంతమేరా మంచు తెల్లగా, పిండి చల్లినట్టు, కరగకుండా ఉంది. దాని మీద అడుగులు ఉన్నాయి! ఉన్నాయి, బూటు అడుగులు, మడమ లోతుగా, ఏదో బరువు జాగ్రత్తగా మోస్తున్న మనిషి అడుగులు, ముందు ఒకే వరుస, తర్వాత విడివిడిగా నాలుగు దార్లు. అందులో ఒకదానిలో అడుగులు మిగతావాటికంటే దగ్గర దగ్గరగా పడ్డాయి. మెల్లగానే పెట్టానన్నాడు. ఇదే. ఇదే అయుండాలి. ఆ అడుగుల పక్కనే, వాటిని తొక్కకుండా, ఊపిరి బిగబట్టి నడిచింది, ఎవర్ట్ వెనకాల నడుస్తున్నట్టే ఉంది, ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. నీడ అయిపోయింది. అక్కడ్నుంచి ఎండ. ఎండలో మంచు లేదు. గడ్డంతా ఒక్కటే పచ్చగా, ఒక్కటే తడిగా, ఆ చివరి దాకా మెరుస్తోంది, ఏ వైపు చూసినా ఎవరూ ఎప్పుడూ నడవనట్టే ఉంది. చివరి అడుగు సగం నీడలో ఉంది, మడమ ఉంది, వేళ్ళ వైపు కరిగిపోయింది.

ఇందాక కూర్చున్నది కూర్చోకుండా ఉంటే. ఫొటో రెండోది తియ్యకుండా ఉంటే. చూస్తుండగానే నీడ వెనక్కి జరుగుతోంది, కాళ్ళ దగ్గర మడమ కూడా పోయింది, దాని వెనకది పోతోంది. డాగ్ని ఎండలోకి నాలుగడుగులు వేసింది, ఆగింది, ఎక్కడ కాలు పెట్టినా ఆయన మీద పెడుతున్నట్టుంది. వెనక్కి వెయ్యడానికీ భయమేసింది. పైన కాకులు అలాగే అరుస్తున్నాయి. నలభై ఏళ్ళు గొంతులో ఆగిపోయిన మాట అప్పుడు వచ్చింది, బయటికే వచ్చింది, చెట్ల కింద ఎవరైనా ఉంటే వినేంత గట్టిగా.

"కాస్త దగ్గరికి జరుగు, ఎవర్ట్."

ఏ వైపు తిరిగి అనాలో తెలియక, ఒకసారి ఇటు తిరిగి, ఒకసారి అటు తిరిగి అంది.